మిద్దె పాటకు దేశం అంటగట్టారు

కాదు, మీరు ఎన్నిసార్లు చెప్పినా నేను ఒప్పుకోను. ఫర్హాద్ బ్యాండుని నట్టేట వదిలేసి వెళ్ళాడట. పేరంతా ఒక్కడే మూటగట్టుకున్నాడట. సొంత ఆల్బమ్ చేశాక గొంతులో మంట ఆరిపోయిందట. చెన్నైలో మా ఆఫీసు క్యాంటీన్లో ఈ మాట అననివాడు లేడు. వాళ్ళలో సగం మంది ఆయన మొదటి క్యాసెట్ ఒక పక్కైనా పూర్తిగా విన్నవాళ్ళు కారు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. ఫర్హాద్ది లాహోర్. కాలేజీ హాస్టల్లో నలుగురు కుర్రాళ్ళు కలిసి 'రేగిస్తాన్' అని బ్యాండు కట్టారు. ముగ్గురు వాయించేవాళ్ళు, పాడేది ఇతను. ఫకీర్లు పాడుకునే పాత పదాలు తీసుకొచ్చి గిటారు హోరులో పడేశారు. అక్కడి టీవీవాళ్ళు జుట్టు కత్తిరించుకుని రమ్మంటే వెళ్ళలేదు. టీవీలో కనిపించకపోయినా క్యాసెట్లు దుబాయ్ మీదుగా ఊళ్ళు తిరిగాయి. నేను సికింద్రాబాద్‌లో ఇంటర్ చదివేటప్పుడు ఒక స్నేహితురాలి అన్న దగ్గర దొరికిన కాపీ అరిగి తెగిపోయేదాకా విన్నాను. మూడో క్యాసెట్ తర్వాత బ్యాండు విడిపోయింది. ఫర్హాద్ ఒంటరిగా ఒక ఆల్బమ్ చేశాడు. అందులో హోరు తగ్గింది, గొంతు దగ్గరగా వినిపించింది. అప్పట్నుంచి ఆయన్ని తిట్టడం ఒక ఫ్యాషనైపోయింది. రెండో ఆల్బమ్ మన దగ్గర దొరకనే లేదు. ఈ ఏడాది చెన్నైలో కచేరీ అన్నారు. సరిహద్దులో సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డాయి, కచేరీ పోయింది. నా టికెట్టు ఇంకా పర్సులోనే ఉంది, చింపబుద్ధి కాలేదు.

ఇక వేలూరు దాటాక ఉండే గుడియాత్తం అనే ఊరికి ఎందుకెళ్ళానంటారా? నా ఫోను వల్ల. అందులో మనమే రింగ్‌టోన్ కట్టుకోవచ్చు. ఫర్హాద్ మొదటి క్యాసెట్లోని పాట వరసని ఒక్కో మీట నొక్కి నేనే ఎక్కించాను. ఒకరోజు ఆఫీసులో అది మోగితే పక్క సీటు దేవకి ఉలిక్కిపడింది.

"ఇది మా ఊరి మిద్దె పాట కదా? నీకెట్లా తెలుసు?"

"మిద్దె పాటేంటి? పాకిస్తాన్ బ్యాండు పాట ఇది."

"తెలుసులే. ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది," అంది నెమ్మదిగా. దేవకి పుట్టింది గుడియాత్తంలో. వాళ్ళన్న ఢిల్లీబాబు ఇప్పుడు వేలూరు పక్కన బాగాయంలో ఉంటాడు. గుడియాత్తం తెలుగు మేస్త్రీలు మిద్దెకి కాంక్రీట్ పోసే రోజు ఆ పాట పాడతారనీ, మునిరత్నం అనే మేస్త్రీ పాడితే అచ్చం ఫర్హాద్‌లాగే ఉంటుందనీ చెప్పింది. "వినాలంటే తొందరగా పో. ఇంకెన్నాళ్ళు పాడనిస్తారో," అని కూడా అంది.

శనివారం పొద్దున ఆరు దాటాక చెన్నై సెంట్రల్లో రైలెక్కాను. రిజర్వేషన్ లేదు. వెళ్ళాలనుకునేవాళ్ళు ముందే చేయించుకోండి, శనివారం ఆ రైళ్ళు కిటకిటలాడతాయి. అరక్కోణంలో వడ, కాఫీ దొరుకుతాయి. వడ బావుంది, కాఫీ దండగ. చెన్నై దాటగానే ఫోను రోమింగ్‌లో పడింది. అరక్కోణం దాటాక సిగ్నలే లేదు. దాన్ని కిటికీ బయటికి చాపి ఊపుతుంటే ఎదురు సీటు పెద్దావిడ చూస్తూ కూర్చుంది. కావేరిపాక్కం మనిషి, కూతురింటి నుంచి వస్తోంది.

"ఏం పాపా, కోడిపిల్ల మాదిరి పట్టుకోనుండావే దాన్ని? యాడికి పోతా ఉండావు, ఒక్కదానివే?"

"గుడియాత్తం. ఒకాయన పాట వినడానికి."

"పాట వినేదానికి రైలెక్కినావా!" ఆవిడ పక్కనున్నవాళ్ళకి కూడా తమిళంలో చెప్పి నవ్వించింది. "మా ఇంట్లో రేడియో ఉండాది రా. పాటా వినచ్చు, సంగటీ తినచ్చు."

వాలాజాలో దిగేటప్పుడు నా చేతిలో రెండు జామకాయలు పెట్టి పోయింది. ఆ రోజంతా నేను సంతోషంగా తిన్నవి అవే.

ఎనిమిదిన్నర ప్రాంతంలో కాట్పాడిలో దిగి, టౌను బస్సులో వేలూరు వెళ్ళి, అక్కడ బాగాయం బస్సు పట్టుకున్నాను. దేశమంతటి నుంచీ రోగులొచ్చే ఆసుపత్రి వీధి దాటేసరికే బస్సు నిండిపోయింది. బెంగాలీ, హిందీ, నేను గుర్తుపట్టలేని భాషలు, అందరి చేతుల్లో ఎక్స్‌రే కవర్లు. ఎవరూ ఎవర్నీ నీది ఏ దేశం అని అడగడం లేదు. కొంచెం జరగమంటున్నారు, అంతే.

ఢిల్లీబాబు ఇంటి ముందు గదిలో పిల్లలకి కీబోర్డు నేర్పుతాడు. మిగతా రోజుల్లో పెయింటింగ్ పని. నేను వెళ్ళేసరికి పిల్లల్ని పంపేసి కుర్చీ తుడిచాడు.

"దేవకి ఫోన్ చేసింది. కూర్చోమ్మా. ఆ మునిరత్నం గురించి నన్నేం అడగతావు? వదిలేసి పోయినాడు వాడు మమ్మల్ని."

నాకు ఒళ్ళు మండింది. చెన్నై క్యాంటీన్లో విన్న మాటే బాగాయంలో కూడా ఎదురొచ్చింది. అయినా ఊరుకుని విన్నాను. వీళ్ళది మునిరత్నంతో కలిపి నలుగురి ఆర్కెస్ట్రా. పగలు కట్టుబడి పని, ముహూర్తాల రోజుల్లో పెళ్ళిళ్ళకి కచేరీ. ఒకసారి గుడియాత్తంలో ఇల్యాస్ సాహెబ్ అనే తోళ్ళ వ్యాపారి ఇంటికి పూత పని చేస్తుంటే ఆ ఇంట్లో ఒక క్యాసెట్ మోగింది. మునిరత్నం అడిగితే వాళ్ళు ఇచ్చేశారు.

"దాని మీద అట్ట కూడా లేదు, పేరూ లేదు. హిందీ సినిమా పాటనుకున్నాం. మాకేం తెలుసు? వాడు దాన్ని మిద్దె పనికి తీసుకోనిపోయినాడు. కాంక్రీట్ చేతులు మార్చేదానికి ఆ తాళం ఎట్లా కుదిరిందో! పన్నెండేళ్ళ పిలకాయకి కూడా అది మిద్దె పాటే. ఎవురూ యాడిదని అడగలేదు."

"మరి ఎప్పుడు తెలిసింది?"

"మీ మద్రాసు కచేరీ నిలిపేసినారే, అప్పుడు. టీవీలో వార్త చెప్తా, ఆ పాటే ఒక ముక్క వేసినారు. ఊరంతా అన్నం తింటా చూస్తా ఉండాది. మా మిద్దె పాట, పాకిస్తానోడు పాడతా ఉండాడు!"

మర్నాడే నలుగురు పెద్దమనుషులు ఆర్కెస్ట్రావాళ్ళ ఇళ్ళకి వచ్చారట. గొడవేం చేయలేదు. కాఫీ తాగి, ఇక ఆ పాట వద్దని చెప్పి వెళ్ళారట. ముగ్గురు సరే అన్నారు. మునిరత్నం అనలేదు.

"ఇప్పుడు ఒట్టి వాయిద్యాల ట్రాక్ క్యాసెట్ పెట్టుకోని ఒకడే పోతా ఉండాడు, పాడేదానికి."

"ఆ ట్రాక్ ఎవరు వాయించారు?"

ఆయన కీబోర్డు స్విచ్చి ఆపాడు. "నేనే. తలుపేసుకోని," అన్నాడు. తర్వాత దాని మీద గుడ్డ కప్పి, "గుడియాత్తం బస్సు ఇప్పుడే ఉండాది, పో అమ్మా," అని లేచాడు.

గుడియాత్తం బస్సు గంటకి పైనే పట్టింది. పళ్ళికొండ దాటాక దారి బాగా లేదు. ఊళ్ళోకి వస్తుంటే వీధి వీధికీ మగ్గాల చప్పుడు, లుంగీలు నేసే ఊరు. ఏట్లో నీళ్ళు లేవు, ఇసుకలో ఆరేసిన నూలు ఉంది. మునిరత్నం ఎక్కడున్నాడో అడిగితే, "కేశవులు శెట్టి కొట్టు మీద మిద్దె పోస్తా ఉండారు, ఆడ చూడు," అన్నారు.

నేను అంతకుముందు ఎప్పుడూ దగ్గర్నుంచి మిద్దె పోయడం చూడలేదు. వీధిలో మిక్సర్ తిరుగుతోంది. అక్కణ్ణించి కొయ్య మెట్ల మీదుగా పైదాకా ఆడా మగా వరసగా నిలబడ్డారు. కాంక్రీట్ నింపిన ఇనప బాండ్లీలు చేతుల మీదుగా పైకి పోతున్నాయి, ఖాళీవి కిందికి వస్తున్నాయి. మొదలుపెడితే మొత్తం అయ్యేదాకా ఆపకూడదట, ఆగితే అతుకు పడి కారుతుందట. అందుకే పాట. పాట ఉంటే అన్ని చేతులూ ఒకేసారి కదులుతాయి. ఆ రోజు పాట లేదు. ఎవడో "రెండూ... మూడూ..." అని అరుస్తున్నాడు. ఒకామె బాండ్లీ అందుకునేలోపే ఇంకొకటి వచ్చి పడుతోంది. మెట్ల కింద ఒలికిన కాంక్రీట్ కుప్ప.

పైన చెక్కతో చదును చేస్తున్నాడు మునిరత్నం. ముప్ఫై దాటి ఉంటాడు, బక్కమనిషి, మోకాళ్ళదాకా సిమెంటు.

"మునిరత్నం గారూ!" అని కింది నుంచి పిలిచాను.

"గారా?" అంది వరసలో ఒకామె. "అప్పా మేస్త్రీ, నిన్ను గారంటా ఉండాది. ఈ పొద్దు వాన వస్తాది!"

వరసంతా నవ్వింది. ఊళ్ళో మళ్ళీ సిగ్నల్ అందినట్టుంది, సరిగ్గా అప్పుడే నా చేతిలో ఫోను మోగింది. రోమింగ్‌లో ఎవరు చేశారో చూసే లోపే వరసలో ఏదో జరిగింది. ఎవరూ పాడలేదు. కానీ చేతులు కుదిరిపోయాయి. అందరి చేతులూ ఒక్కసారే ముందుకీ, ఒక్కసారే వెనక్కీ. బాండ్లీలు చుక్క ఒలక్కుండా మెట్లెక్కిపోయాయి. కింద నిలబడ్డ ముసలామె పెదాలు మూసుకునే కూనిరాగం అందుకుంది. పైన మునిరత్నం చెక్క ఆపి నిలబడ్డాడు.

"ఆపమ్మా దాన్ని! ఆపు!" కొట్లోంచి శెట్టిగారు పరిగెత్తుకొచ్చాడు. విభూతి చెమటకి కారిపోతోంది. "యావురమ్మా నీది? నా మిద్దె మీద ఆ పాట వద్దని పొద్దున్నే చెప్పినా కదప్పా అందరికీ!"

"ఫోను మోగితే మిద్దె కూలిపోతుందా?" అన్నాను. నా నోరు అలాంటిదే.

"మిద్దె కూలదమ్మా, యాపారం కూలతాది." ఆయన గొంతు తగ్గించాడు. "నాకు మాత్రం ఆ పాట చేదా? ఈ కొట్టు కింద మిద్దె ఆ పాటకే పోసినారు. అప్పుడు తెలీదు, ఇప్పుడు తెలుసు. తెలిసినాక ఎట్లా?" తర్వాత తల పైకెత్తి, "మునిరత్నం, మళ్ళా చెప్తా ఉండా. మధ్యానం ఇల్యాస్ సాయిబుగారి కొడుకు పెళ్ళి విందులో నువ్వు అది పాడితే పై అంతస్తుకి వేరే మేస్త్రీని చూసుకుంటా. ఈ బజారులో ఇంకెవురూ కూడా నిన్ను పిలవరు," అన్నాడు.

"మిద్దె నీది శెట్టీ, నువ్వు చెప్పినట్లే నోరు మూసుకోని పోసినా," అన్నాడు మునిరత్నం పైనుంచి. "మధ్యానం నోరు నాది."

వరసలో ఎవరూ నవ్వలేదు. మళ్ళీ లెక్కపెట్టడం మొదలైంది. నేను ఫోను ఆపేసి సంచిలో వేశాను.

మిద్దె అయ్యాక పనివాళ్ళకి యజమాని భోజనం పెట్టాలి. శెట్టిగారు తనే వడ్డించాడు, నాకూ ఆకు వేయించాడు. సాంబారు, పొరియల్, పాయసం. మునిరత్నం ఆకులో రెండుసార్లు పాయసం పోశాడు. ఆ మనిషి మీద కోపం పెట్టుకుందామంటే కుదరలేదు, అది ఇంకా కోపం తెప్పించింది.

తింటూ నేను మునిరత్నానికి ఫర్హాద్ కథంతా చెప్పాను. హాస్టలు, జుట్టు, క్యాసెట్లు, విడిపోవడం, ఒంటరి ఆల్బములు. అన్నం కలపడం ఆపి విన్నాడు. ఆ పాట పాడే మనిషికి పేరుందని టీవీలో చూశాకే తెలిసిందట.

"అట్లంటే ఆయప్ప కూడా ఇప్పుడు ఒకడే పాడతా ఉండాడా? మిగతావాళ్ళు ఏమైనారు?"

"విడిపోయారు."

"ఎందుకు?"

ఇన్నేళ్ళు ఆయన తరఫున పోట్లాడాను. ఎందుకు విడిపోయారో నాకు తెలియదు. తిట్టేవాళ్ళకీ తెలియదు.

"ఏదో జరిగుంటాదిలే," అన్నాడాయన, నన్ను ఓదారుస్తున్నట్టు. "ఒకడే నిలబడి పాడేది ఎవురికి ఇష్టం చెప్పు? నాకైతే పక్కన ఢిల్లీ లేకపోతే చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలీదు."

మూడు గంటలకి విందు. ఇల్యాస్ సాహెబ్ కొడుకు పెళ్ళి ముందురోజే అయిపోయింది. మునిరత్నం బోరు దగ్గర స్నానం చేసి తెల్లచొక్కా తొడుక్కున్నాడు. గోళ్ళలో సిమెంటు మాత్రం పోలేదు. చేతిలో టేప్‌రికార్డర్, అందులో ఢిల్లీబాబు తలుపేసుకుని వాయించిన ట్రాక్. హాలు దాకా నడిచే వెళ్ళాం. దారిలో గొంతు సవరించుకుంటూ నాలుగుసార్లు పల్లవి ఎత్తాడు, లోపల్లోపల. ఉర్దూ ముక్క రాదు, ఒత్తులన్నీ తెలుగువే. కానీ ఫర్హాద్ క్యాసెట్లో పైకి వెళ్ళి వదిలేసే ఆ చోట, ఈయన ఇంకొంచెం ఆగాడు. బరువు మోసేవాడు ఆగినట్టు.

గుమ్మం దగ్గరే ఇల్యాస్ సాహెబ్ ఎదురొచ్చాడు. అత్తరు, తెల్లగడ్డం, మంచి ముఖం. మునిరత్నం భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను, ఎవరూ పిలవకపోయినా.

"వచ్చినావు, సంతోషం నాయనా. కానీ ఆ పాట వద్దు. రెండు తమిళ సినిమా పాటలు పాడు, భోంచేసి పో."

మునిరత్నానికి అర్థం కాలేదు. "ఆ పాటకే కదా సామీ పిలిచినారు? మీ ఇంట్లోదే కదా ఆ క్యాసెట్?"

ఆయన చెయ్యి భుజం మీది నుంచి తీసేశాడు.

"ఏ క్యాసెట్? మా ఇంట్లో అట్లాంటి క్యాసెట్ లేదు. ఎప్పుడూ లేదు."

నేను ఊరుకోలేదు. సికింద్రాబాద్ ఉర్దూలో నాలుగు మాటలు అనేశాను, మీరే ఇచ్చి మీరే లేదంటారా అని. హాల్లో కొందరు తిరిగి చూశారు. ఆయన కోప్పడలేదు. ఉర్దూలోనే, నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు:

"బేటీ, శెట్టి ఆ పాట వద్దంటే అతన్ని పిరికివాడంటారు, అంతే. నేను పాడించానని తెలిస్తే నన్నేమంటారో నీకు తెలుసు. ఈ ఊళ్ళో మా తాతల సమాధులున్నాయి. నువ్వు సాయంత్రం రైలెక్కుతావు."

నేను వెనక వరసలో ఒక కుర్చీ వెతుక్కున్నాను.

మునిరత్నం స్టేజీ ఎక్కాడు. టేప్‌రికార్డర్ తెరవలేదు. అడిగినట్టే ఒక తమిళ సినిమా పాట పాడాడు, వాయిద్యం లేకుండా. కింద బిర్యానీ పళ్ళేల చప్పుడు, పిల్లల పరుగులు. ఎవరూ వినలేదు. రెండో పాట చరణంలో ఆగిపోయాడు. మర్చిపోయాడనుకున్నాను. కాదు, మైకు నెమ్మదిగా స్టాండులో పెట్టి దిగివచ్చాడు. ఆగిపోయిందని కూడా ఎవరూ గమనించలేదు.

స్టేషన్ ఊరికి దూరం. ఆటో మాట్లాడుకోండి, సాయంత్రం బస్సుల్ని నమ్ముకోవద్దు. మునిరత్నం నాతోపాటు ప్లాట్‌ఫారం దాకా వచ్చాడు.

"ఆ పాట పాడనే లేదుగా. శెట్టిగారు పని ఇస్తాడు కదా?" అన్నాను.

"ఇస్తాడేమో. పొద్దున అందరి ముందర అట్లా అన్నాక, మధ్యానం సాయిబు ముందర ఇట్లా దిగివచ్చినాక, ఏ ముఖంతో ఆ వరస ముందర నిలబడేది?" రైలు వచ్చే వైపు చూస్తూ అన్నాడు. "బెంగుళూరు పోతా. ఆడ లిఫ్టుతో ఎత్తతారు కాంక్రీట్. పాట పనేం ఉండదు."

రైలు కదిలాక చెయ్యి ఊపాడో లేదో చూడలేదు. కూర్చోడానికి చోటు వెతుక్కుంటున్నాను.

అరక్కోణంలో ఫోను మళ్ళీ ఆన్ చేస్తే సిగ్నల్ వచ్చింది. క్యాంటీన్ మిత్రుడి మెసేజ్: 'ఎలా ఉన్నాడు నీ మేస్త్రీ? వాడు కూడా బ్యాండుని వదిలేశాడటగా, దేవకి చెప్పింది.' పెద్ద జవాబు టైపు చేశాను. పంపకుండా చెరిపేశాను. ఆ చిన్న తెరలో పట్టదు అది.

చెన్నై నుంచి ఒక్క రోజులో వెళ్ళి రావచ్చు. ఊరు మంచిదే, మనుషులు మంచివాళ్ళే, ఆకు వేసి అన్నం పెడతారు. నాకు ఎదురుపడ్డవాళ్ళలో ఒక్క చెడ్డవాడు లేడు, నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. మిద్దె పోయడం చూడాలంటే చూడొచ్చు, లెక్కపెడుతూ పోస్తారు. పాట మాత్రం ఉండదు.

లాహోర్‌లో ఏం జరిగిందో నాకు తెలియదు, మీకూ తెలియదు. గుడియాత్తంలో జరిగింది కళ్ళారా చూశాను. ముగ్గురు సరే అన్నారు. అందులో ఒకడు తలుపేసుకుని వాయించాడు. మిద్దె పోయించుకున్నవాడు వద్దన్నాడు. క్యాసెట్ ఇచ్చినవాడు ఇవ్వనే లేదన్నాడు. అందరూ ఒక్కొక్క అడుగు వెనక్కి వేశాక స్టేజీ మీద ఒక్కడు మిగిలాడు. అందర్నీ వదిలేసి వెళ్ళింది వాడేనని మీరిప్పుడు నా ముఖం చూసి అనగలరా?